జలఉష స్టాంపు మీద గాంధీగ్రాం ముద్ర - నా అనుభవం

నిన్న సాయంత్రమే కవర్ చేతికొచ్చింది, ఇంకా ఆల్బంలో కూడా పెట్టలేదు, వేడి మీదున్నప్పుడే రాసేస్తున్నా.

మా నాన్న వైజాగ్ షిప్‌యార్డ్‌లో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. స్వతంత్రం వచ్చాక మన దేశంలో కట్టిన మొదటి పెద్ద ఓడ జలఉష ఆ యార్డుదే, 1948 మార్చి 14న నెహ్రూ గారొచ్చి నీళ్ళలోకి వదిలారు. అప్పటికది సింధియా కంపెనీ యార్డు, 1952లో గవర్నమెంటు తీసుకుని హిందుస్థాన్ షిప్‌యార్డ్ చేసింది, మావాళ్ళు మాత్రం ఇప్పటికీ ఆ ఏరియాని సింధియా అనే అంటారు. 1965లో నేషనల్ మారిటైం డేకి ఆ ఓడ బొమ్మతోనే 15 పైసల స్టాంపు వచ్చింది. ఆ స్టాంపు మీద యార్డు ఉన్న చోటి గాంధీగ్రాం పోస్టాఫీసు ముద్ర, ఓడ నీళ్ళలోకి దిగిన మార్చి 14 తేదీతో పడాలి, అదీ నా కోరిక.

స్టాంపులు సులువుగానే దొరికాయి, ఆరు కొన్నా.

పోయినేడు తెలీక కవర్‌ని కాలనీలో ఎర్ర డబ్బాలో వేసేశా. డబ్బాలోవి సార్టింగ్‌కి వెళ్ళిపోయి అక్కడ ముద్ర పడింది, గాంధీగ్రాం పేరే లేదు. మీరెవరూ డబ్బాలో వెయ్యకండి, కౌంటర్‌లో చేతికే ఇవ్వండి.

ఈసారి ఒక పెద్దమనిషి పెద్దాఫీసులో ఇస్తే వాళ్ళే పంపి వేయించిస్తారని చెప్తే, రెండ్రోజుల ముందు అక్కడికెళ్ళా. ఆఫీసు పేరు రాయను. రెండు కవర్లు, లోపల అట్టముక్క పెట్టి, ఒక్కోదానికి ఇప్పటి 5 రూపాయల స్టాంపు పూర్తిగా అంటించి, పక్కన జలఉష. కౌంటర్ ఆయన తిప్పి చూసి "ఏంటిది, 15 పైసలా?" అన్నాడు. సార్ టికెట్ సరిపడా ఉంది, ఇది కలెక్షన్ కోసం, ముద్ర గాంధీగ్రాంలో పడాలి అని చెప్తూనే ఉన్నా, జేబులోంచి బాల్‌పెన్ను తీసి రెండు స్టాంపుల మీదా అడ్డంగా గీత గీసేశాడు. ఓడ ముక్కు దగ్గర మొదలై అటు చివరిదాకా, కాగితం గుంటపడేలా. పైగా లైన్లో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా "పనీపాటా లేనోళ్ళంతా ఇక్కడికే వస్తారు, ఉత్తరం రాసుకోవాలంటే రాసుకో, బొమ్మలతో ఆటలేంటి" అన్నాడు. వెనకెవరో నవ్వారు. నాకు నోట మాట రాలేదు, కవర్లు తీసుకుని బయట మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయా. అరవై ఏళ్ళు ఎవరో జాగ్రత్తగా దాచిన స్టాంపు అది. స్టాంపంటే ఆ శాఖ సొంత సరుకు, దాన్ని వాళ్ళే గౌరవించకపోతే ఇంకెవరు గౌరవిస్తారు? నాన్నకి ఆ కవర్లు చూపించలేదు.

14న పొద్దున్నే ఆఫీసు తెరిచే టైంకి నేనే గాంధీగ్రాం వెళ్ళిపోయా. కౌంటర్‌లో పెద్దాయన నేను చెప్పిందంతా విని, "నాన్నగారు ఏ షాపు బాబూ?" అన్నారు. హల్ షాపండీ, ఓడ ఒళ్ళు కట్టే విభాగం, అన్నా. ఇంకేం అడగలేదు. ముద్ర తిప్పి పళ్ళలో ఇరుక్కున్న పాత ఇంకు గుండుసూదితో గీకి, గుడ్డతో తుడిచి, ముందు చిత్తుకాగితం మీద వేసి చూశారు. అంకె 4 సరిగ్గా పడలేదు. మళ్ళీ తుడిచి వేస్తే వచ్చింది. అప్పుడు కవర్ కింద మెత్తగా పుస్తకం పెట్టి, కొట్టకుండా నిదానంగా అదిమారు. సగం ముద్ర స్టాంపు మీద, సగం కవర్ మీద, నేను అడక్కుండానే. ఈ పద్ధతి గుర్తుపెట్టుకోండి, రద్దీ లేని టైంలో వెళ్ళండి, నెమ్మదిగా అడగండి, మెత్తటిదేదైనా మీరే తీసుకెళ్ళండి.

ఒకటి చేతికే ఇచ్చేశారు, రెండోది ఇంటి అడ్రస్‌కి పోస్టులో వేయించా. జలఉష మీద ఆ ఊరి ముద్ర, ఆ తేదీ కలిసిన కవర్ ఇంకొకరి దగ్గర ఉందని నేనైతే వినలేదు, గర్వంగానే చెప్తున్నా.

నిన్న పోస్ట్‌మ్యాన్ తెచ్చింది ఆ రెండోదే. నాన్న కళ్ళజోడు పైకి తోసి, కవర్ ముక్కు దగ్గర పెట్టుకుని గాంధీగ్రాం అని కూడబలుక్కుని చదివారు. తర్వాత ఓడ మీద వేలు పెట్టి, ఏ భాగం ముందు కడతారో, ప్లేట్లు ఎలా అతుకుతారో భోజనాలయ్యేదాకా చెప్తూనే ఉన్నారు.

ఇంకొక్క స్టాంపు మిగిలింది. యార్డుకి శంకుస్థాపన జరిగింది 1941 జూన్ 21న, ఆ రోజుకి అట్టముక్క పెట్టి కవర్ రెడీ చేసేశా.