ఐదో మాట

గుడ్ ఫ్రైడే నాడు ఐదో మాట నన్ను చెప్పమన్నారు మా పాస్టరు అయ్యగారు. మొన్న ఫోన్ చేసి, "ఈసారి స్త్రీల సమాజం తరఫున మీరు తీసుకోండమ్మా, పది నిమిషాలు చాలు" అన్నారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలను ఏడుగురు చెప్పడం మా మందిరంలో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే. మొదటిదీ ఏడోదీ పెద్దవాళ్లకు పోతాయి. "నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అనే నాలుగోది బాగా మాట్లాడేవాళ్లకు. ఐదోది అన్నిటికంటే చిన్నది, యోహాను ఒక్కడే రాశాడు: "దప్పిగొనుచున్నాను." ఆ సమయానికి జనం ఉపవాసం మీద, ఉక్కపోత మీద ఉంటారు. సగంమంది విసనకర్రల్లో పడిపోతారు. కొత్తవాళ్లకు ఇచ్చేది అందుకే అదే.

మా ఇంట్లో దప్పి ఎట్లా ఉంటుందో అయ్యగారికి తట్టి ఉండదు. తట్టి ఉంటే అడగడానికి మొహమాటపడేవారు.

ఈరోజు శుక్రవారం, కిడ్నీలు చెడిన మా ఆయనకు డయాలసిస్ రోజు. నిద్ర లేవగానే నా మొదటి పని ఆయన ఎడమచేతి మీద వేళ్లు ఆనించి చూడటం. రెండు రక్తనాళాలు కలిపి కుట్టిన చోట, ఫిస్టులా అంటారు, చర్మం కింద జుమ్మని అదురుతూ ఉంటుంది. ఆ అదురు ఉంటే సరి. లేదంటే వెంటనే ఆసుపత్రికి పోవాలని నర్సమ్మ మొదట్లోనే చెప్పింది. ప్రార్థన ఆ తర్వాతే. ఇంతకుముందు ప్రార్థన చేయనిదే కాఫీ కూడా పెట్టేదాన్ని కాదు.

అక్కడికి పోగానే బరువు చూస్తారు. ఆయన ఎండు బరువు, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు, 58 కిలోలు. ఈరోజు మిషన్ 60.6 చూపించింది. అంటే రెండున్నర లీటర్ల పైన నీరు ఒంట్లో నిలిచిపోయిందన్నమాట. "సార్, నీళ్లు ఎక్కువైనాయి" అన్నాడు టెక్నీషియన్ అబ్బాయి. "ఎండలు అట్లుండాయి కదప్పా" అన్నాడు ఈయన, తప్పు చేసిన పిల్లాడిలా నా వైపు చూడకుండా. ఒకేసారి అంత నీరు లాగితే బీపీ పడిపోతుంది, కాళ్లు కొంకర్లు పోతాయి. మూడో గంటలో పిక్క పట్టేసింది. నేను ఒత్తుతూ కూర్చున్నా.

రోజుకు లీటరు. అందులోనే కాఫీ, మజ్జిగ, చారు, మాత్రలకు తాగే నీళ్లు, ఐసు ముక్క కూడా. కడపలో, ఈ నెలలో, లీటరు. పొద్దున్నే ఒక సీసా నింపి ఆయన చేతికిస్తా. చారు పోస్తే సీసాలోంచి ఆ మేరకు తీసేస్తా. ఉప్పు తగ్గిస్తే దప్పి తగ్గుతుందని ఆవకాయ జాడీ పక్కింటికి ఇచ్చేశాం. కొబ్బరినీళ్లు, అరటిపండు అసలు కూడదు, పొటాషియం ఎక్కువంట. మధ్యాహ్నం పూట నోరు పిడచకట్టుకుపోయి, "రోంత నీళ్లియ్యి, పుక్కిలించి ఊంచేస్తా" అంటాడు. ఇస్తా. ఇచ్చి, ఆయన గొంతు వైపే చూస్తూ నిలబడతా, గుటక పడిందా లేదా అని. పెళ్లయి ఇన్నేళ్లకు మొగుడి గొంతుకు కాపలా కాస్తున్నా.

వార్డులో కూర్చుని ఐదో మాటకు నోట్సు రాసుకుందామని పుస్తకం తెరిచా. చిన్నప్పటి నుంచీ విన్నదంతా గుర్తొచ్చింది. ఐదో మాట చెప్పేవాళ్లు రెండు నిమిషాల్లో నీళ్లు వదిలేసి ఆత్మల దగ్గరికి పోతారు. ప్రభువు దప్పిగొన్నది నీళ్ల కోసం కాదు ప్రియులారా, నశించిపోతున్న ఆత్మల కోసం. నేనూ సండే స్కూలు పిల్లలకు అదే చెప్పా. ఇప్పుడు అది రాయబోతే చెయ్యి ఆగిపోయింది. రాత్రంతా నిలబెట్టి, కొరడాలతో కొట్టి, సిలువ మోయించి, ఎండలో వేలాడదీసిన మనిషి గొంతు ఎండకుండా ఎట్లా ఉంటుంది? అంతకుముందు బోళం కలిపిన ద్రాక్షారసం ఇస్తే వద్దన్నాడని మార్కు రాశాడు. ఇప్పుడు తనే నోరు తెరిచి అడిగాడు. సమరయ బావి దగ్గర ఒక స్త్రీని కూడా అడిగాడు, దాహమిమ్మని. ఆ రోజు ఆమె ఇచ్చిందో లేదో కథలో ఎక్కడా లేదు. మాటల్లో పడి ఇద్దరూ మరిచిపోయారేమో.

బావి అంటే మా జేజి గుర్తొస్తుంది. జమ్మలమడుగు దగ్గర వాళ్ల ఊళ్లో, ఊరి బావిలో చేద వేసే హక్కు మా పేటవాళ్లకు లేదు. కడవ పెట్టుకుని ఎవరైనా వచ్చి పోసేదాకా నిలబడేవాళ్లు. దాహమేస్తే దోసిలి పట్టాలి, పైనుంచి పోస్తారు. జేజి ఈ సంగతి చెప్పేటప్పుడు రెండు చేతులూ దోసిలిపట్టి చూపించేది. ఇంకా వెనక్కి పోతే ధాత కరువు, 1876 నుంచి 78 దాకా. లండన్ మిషన్ వాళ్లు కడపకు 1822లోనే వచ్చినా, మా పేటలాంటి పేటలు చాలా సంఘంలో చేరింది ఆ కరువు తర్వాత. గంజి కోసం మతం మారినారని ఇప్పటికీ ఎత్తిపొడిచేవాళ్లున్నారు. కాలేజీలో ఆ మాటకు తల దించుకునేదాన్ని. ఇప్పుడు నాకేం సిగ్గు లేదు. ఆకలైనవాళ్లు గంజి పోసిన చోటికి పోయారు. మా విశ్వాసం కడుపులోంచి మొదలైంది. గొంతులో ఆగిపోతే ఆగిపోనీ అని కూడా కొన్ని రాత్రులు అనిపించింది, అబద్ధమెందుకు.

పక్క బెడ్డాయన పెద్ద దర్గా దగ్గరుంటాడు. జబ్బు కాబట్టి ఆయనకు రోజా ఉపవాసం లేదు. భార్య మాత్రం రోజా ఉంది. ఈస్టరుకు ముందు వచ్చే మా శ్రమదినాలు, వాళ్ల రంజాను ఈసారి దాదాపు ఒకేసారి మొదలయ్యాయి. ఆమె పొద్దున్నుంచి ఒక్క చుక్క లేకుండా కూర్చుని మొగుడికి కొలిచి నీళ్లు పోస్తుంది. "నీకు దప్పి కాదా?" అనడిగా. "అయితాది అక్కా. సాయంత్రానికి నాది తీరతాది. ఈయనది తీరదే" అంది.

అవయవదానాలు చూసే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించాం. కిడ్నీ దొరికేలా ప్రార్థన చేయమని అందరికీ చెప్పమంటుంది మా అత్త. అందరూ చేస్తున్నారు, వాళ్ల ప్రేమకు దండం. నాకే ఆ ప్రార్థనకు నోరు రాదు. మాకు ఫోన్ రావాలంటే ఎక్కడో ఒకింట్లో ఎవరో బ్రెయిన్ డెడ్ అయి ఉండాలి. ఆ ఇంటి తల్లి కూడా అదే సమయంలో అదే దేవుణ్ణి బతికించమని అడుగుతూ ఉంటుంది. ఆయన ఎవరి మాట వినాలి? ఇది అయ్యగారిని అడిగితే కాసేపు ఊరుకుని, "నాకూ తెలీదమ్మా" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన మీద గౌరవం పెరిగింది.

జవాబు తెలిసినవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు. పోయిన నెల దూరపు చుట్టాలు వచ్చి, ఆయన తల మీద నూనె రాసి ప్రార్థన చేసి, పోయేటప్పుడు నన్ను వంటింట్లోకి పిలిచి "ఇంట్లో ఒప్పుకోని పాపం ఏమైనా ఉందేమో చూసుకో తల్లీ" అన్నారు. బైబిల్లో యోబు కష్టాల్లో పడితే, నీ పాపమే కారణమని నిందించకముందు ఆయన స్నేహితులు ఏడు రోజులు నేల మీద నోరెత్తకుండా కూర్చున్నారు. ఆ ఏడు రోజులూ ఎంత మంచివాళ్లో! ఈయన హాల్లోంచి అంతా విన్నాడు. అప్పట్నుంచి మందిరానికి రావడం మానేశాడు. "నువ్వు పో, నా బదులు కూడా కూర్చో" అంటాడు. సాక్ష్యం చెప్పేవాళ్లంతా బాగైనాకే చెప్తారు. ఇంకా మధ్యలో ఉన్నవాళ్లకు మైకు ఇచ్చే పద్ధతి మాకు లేదు.

సాయంత్రం శ్రమదినాల కూడికకు పోయా. సొంత మాటలతో ప్రార్థన చేయడం నాకు ఈమధ్య కుదరడం లేదు. పరలోక ప్రార్థన ఒకటి చెప్పుకుంటా, మాటలు ముందే తయారుగా ఉంటాయి కాబట్టి. విశ్వాస ప్రమాణం దగ్గర లేచి నిలబడ్డాం. "మృతుల పునరుత్థానమును" దగ్గర నా గొంతు ఆగింది. వెనక వరుసలో ముసలామె, పళ్లు లేని నోటితో, గట్టిగా చెప్పుకుపోయింది. ఆమె దాటించేసరికి నేను మళ్లీ కలిశా. సొంతగా ప్రార్థన చేసేవాళ్లదే అసలైన భక్తి అని యువజన కూటాల్లో అంటుంటారు. పుస్తకంలో అచ్చేసిన మాటల విలువ వాళ్లకింకా తెలిసిరాలేదు, తెలిసిరాకుండానే ఉంటే మంచిది.

ఇంటికొచ్చి, ఆయన ఇడ్లీ తింటుంటే రాసుకున్నది చదివి వినిపించా. సండే స్కూల్లో బాగా చదువుకున్నవాడే, మధ్యలో ఆపి అడిగాడు.

"నీళ్లడిగితే చిరక ఎందుకిచ్చినారు?"

"రోమా సిపాయిలు తాగేదే అంటండీ, పులిసిన ద్రాక్షారసం. అక్కడ వాళ్ల కోసం పెట్టుకున్న కుండలోదే స్పంజీలో ముంచి ఇచ్చినారు."

"అంటే వాడు తాగేదాంట్లోంచే ఇచ్చినాడు."

"యోహాను రాసింది చూస్తే అట్లే అనిపిస్తాది."

"పాపం మంచోడే అయితే. ఎంతియ్యాలో కొలత కూడా చూసుకోలా." సీసాలో అడుగున మిగిలింది ఒక్క గుక్కలో తాగేసి, "ఇది కూడా రాయి" అన్నాడు.

రాశా. ముందు వరుసలో కూర్చునే మా అత్తకు ఇది నచ్చదు, మేకులు కొట్టినోళ్లను పొగుడుతావా అంటుంది. ఆత్మల దాహం ఎక్కడికి పోయిందని పెద్దలూ అడుగుతారు. పది నిమిషాలే ఇచ్చారు కదా, టైము సరిపోలేదని చెప్తా.