స్పిరిట్ దీపం వేడి లెక్కలు: ఇప్పటిదాకా తేలింది

ఆరుబయట గాలిలో కొలతలు ఒక కొలిక్కి వచ్చాయి. రేకు డబ్బాలో 200 గ్రాముల నీళ్లు పోసి కింద దీపం పెడితే, 1.5 గ్రాముల ఇథనాల్ (దీపంలో మండే స్పిరిట్) ఖర్చయ్యేసరికి నీళ్లు 22 డిగ్రీలు వేడెక్కాయి. నీళ్లకు చేరింది 18.4 కిలోజౌళ్లు, ఆ ఇథనాల్ ఇవ్వగలిగింది 44.5. అంటే 41 శాతం. డబ్బా చుట్టూ అల్యూమినియం ఫాయిల్ అడ్డుపెడితేనే ఇంత వచ్చింది. దీపాన్ని తూచేటప్పుడు ముందూ వెనకా మూత పెట్టే తూచాలి, స్పిరిట్ ఊరికే ఆవిరైపోతుంది.

ఇక్కడ గాలికి కరువు లేదు కాబట్టి ఇథనాల్ బరువు తెలిస్తే చాలు. ఇప్పుడు పట్టుకున్నది మూసిన పాత్ర లెక్క. ఇది కాగితం మీదే, ఇంట్లో ఎవరూ మూసిన పాత్రలో స్పిరిట్ మండించవద్దు.

10 లీటర్ల గాలి, 2 గ్రాముల ఇథనాల్ అనుకుందాం. ఒక మోల్ (రసాయన లెక్కల్లో పదార్థం ఎంతుందో చెప్పే కొలత) ఇథనాల్ మండాలంటే 3 మోల్‌ల ఆక్సిజన్ కావాలి, అప్పుడు 1367 కిలోజౌళ్లు వస్తాయి. 2 గ్రాములంటే 0.0434 మోల్, దానికి 0.130 మోల్ ఆక్సిజన్ కావాలి. 25 డిగ్రీల దగ్గర 10 లీటర్ల గాలిలో ఉన్నది 0.086 మోలే. కాబట్టి లిమిటింగ్ రియాక్టెంట్, అంటే ముందుగా అయిపోయి మంటను ఆపేది, ఆక్సిజన్. మండేది 1.3 గ్రాములు, వచ్చే వేడి 39 కిలోజౌళ్లు. ఇథనాల్‌ని బట్టి లెక్కేస్తే 59 వచ్చేది.

నాకు బాగా నచ్చిన సంగతి ఈ లెక్క పక్కనే దొరికింది. వేడిని ఆక్సిజన్ మోల్‌లతో భాగిస్తే, ఒక్కో మోల్ ఆక్సిజన్‌కి ఇథనాల్‌తో 456 కిలోజౌళ్లు, మీథేన్‌తో 445, ప్రొపేన్‌తో 444, బ్యూటేన్‌తో 443! ఇంధనాలు వేరైనా అంకె దాదాపు ఒకటే. 1917లో థార్న్‌టన్ అనే శాస్త్రవేత్త గమనించిన విషయమిది. అగ్నిప్రమాదాల పరిశోధనలో మంట తీవ్రతను ఖర్చయిన ఆక్సిజన్‌తో కొలిచే పద్ధతి దీనిమీదే నిలబడింది. ఆక్సిజన్ తక్కువైన చోట ఏం మండుతోందో సరిగ్గా తెలియకపోయినా వేడిని అంచనా వేయవచ్చన్నమాట.

అయితే 39 అనేది పై హద్దు మాత్రమే. కొవ్వొత్తి మంట ఆక్సిజన్ సుమారు 16 శాతానికి తగ్గగానే ఆరిపోతుంది. దీపమూ అలాగే ఆరితే వచ్చేది పది కిలోజౌళ్ల లోపే. పైగా గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. కార్బన్ అంతా అలాగే పోతే మోల్‌కి 1367 బదులు 801 కిలోజౌళ్లే. నా స్ప్రెడ్‌షీట్‌లో తర్వాత చేర్చబోయే గడి ఇదే: ఎంత శాతం కార్బన్ మోనాక్సైడ్‌గా పోయిందో ఇస్తే వేడి ఎంత తగ్గుతుందో చూపించాలి.