యెజ్డీని విప్పే ముందు: కొత్త యజమానికి తోడు నిలిచిన నా అనుభవం

మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారంలో 1961లో జావా పేరుతో మొదలై, 1973 నుంచి యెజ్డీ పేరుతో సాగిన మోటార్‌సైకిళ్ల తయారీ 1996లో ఆగిపోయింది. ఆ బండ్లను కళ్లు మూసుకుని విప్పి బిగించగలిగిన మెకానిక్కులు చాలామంది వృద్ధులైపోయారు. బండ్లు మాత్రం వరండాల్లో, పశువుల కొట్టాల్లో మిగిలే ఉన్నాయి, ఇప్పుడు అవి పానా పట్టడం కూడా తెలియని పిల్లల చేతికి వస్తున్నాయి. ఐటీఐలో మోటార్ మెకానిక్ శిక్షకుడిగా పనిచేసి పదవీ విరమణ చేసిన నేను విజయవాడలో ఇలాంటి యజమానులకు సాయం చేస్తున్నాను. బండిని నేను బాగు చేయను. పక్కన నిలబడి వారి చేతే చేయిస్తాను. పాత బండి ఒకసారి బాగుపడితే సరిపోదు, నెలకోసారి ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది కాబట్టి, దాన్ని అర్థం చేసుకునే మనిషి ఇంట్లోనే ఉండాలన్నది నా గట్టి నమ్మకం.

తెనాలిలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి, చనిపోయిన తన తండ్రి వాడిన 1978 నాటి యెజ్డీ 250ని ట్రాలీ ఆటోలో నా దగ్గరికి తెచ్చింది. ముందుగా రంగు వేయించి, క్రోమ్ పూత పెట్టించి, ఆ తరువాత ఇంజన్ సంగతి చూడాలని ఆమె అనుకుంది. కొత్త యజమానుల్లో ఎక్కువమంది ఈ వరుసనే కోరుకుంటారు, నేను ప్రతిసారీ దీన్ని వ్యతిరేకిస్తాను. ఇంజన్‌ను దించి ఎక్కించేటప్పుడు ఫ్రేముకు గీతలు పడతాయి, పెట్రోలు ఒలికిన చోట రంగు ఉబ్బుతుంది, అంతకన్నా ముఖ్యంగా వెల్డింగ్ దగ్గర ఉన్న సన్నని పగుళ్లు కొత్త రంగు కింద దాగిపోతాయి. రంగు అన్నింటికన్నా చివరి పని అని చెబితే ఆమె కొంత నిరుత్సాహపడింది కానీ కాదనలేదు.

విప్పడానికి ముందు ఆమె చేత అన్ని వైపులనుంచీ ఫొటోలు తీయించి, ఇంజన్ నంబరును, ఛాసిస్ నంబరును కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దించి అచ్చు తీయించి, ఆర్‌సీతో సరిపోల్చుకోమన్నాను. తరువాత అట్టముక్క మీద ఇంజన్ కవరు ఆకారం గీయించి, ఏ మర ఏ రంధ్రంలోంచి వచ్చిందో అట్టలో అదే చోట గుచ్చించాను, ఎందుకంటే ఆ మరలు ఒకే పొడవు ఉండవు. పొడవైన మరను పొట్టిదాని చోట బిగించి అల్యూమినియం కేసింగును పగలగొట్టిన బండ్లు చాలా చూశాను. గాడి తల ఉన్న ఆ పాత మరలకు, గాడిలో సరిగ్గా నిండే స్క్రూడ్రైవరు వాడకపోతే అంచులు తినేస్తాయి. అలాంటప్పుడు బలం పెంచకుండా సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవరుతో ఒక్క దెబ్బ వేస్తే పట్టు వదులుతుంది. ఆమె రెండు మూడుసార్లు, "మాస్టారూ, ఒక్కసారి మీరే చేసి చూపించకూడదా?" అని అడిగింది. "ఆ పట్టు నీ చేతికే తెలియాలమ్మా" అని ఊరుకున్నాను.

ఏ భాగాన్నీ మార్చకముందే మూడు సంగతులు తేల్చుకోవాలని ఆమెకు చెప్పాను: ఇంజన్ తిరుగుతోందా, నిప్పు పడుతోందా, పెట్రోలు అందుతోందా. ప్లగ్ తీసి, ఆ రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి, గేరు లివరునే లోపలికి నొక్కి పైకి తిప్పి కిక్‌గా మార్చుకునే ఆ బండి పద్ధతిని ఆమెకు అలవాటు చేయించి, మెల్లగా తొక్కమన్నాను. అదృష్టవశాత్తు ఇంజన్ పట్టేసి లేదు. ఈ బండిలో నిప్పు పుట్టాలంటే 6 వోల్టుల బ్యాటరీ ఆరోగ్యంగా ఉండాలి, కాబట్టి కొత్త బ్యాటరీ పెట్టి కుడివైపు కవరు విప్పించాను. నిప్పు ఎప్పుడు పుట్టాలో నిర్ణయించే చిన్న స్విచ్చు లాంటి పాయింట్ల మీద ఏళ్ల తరబడి పేరుకున్న పొరను సన్నని గరుకు కాగితంతో తుడిచి, ఖాళీలను కొలిచే పల్చని రేకు అయిన ఫీలర్ గేజ్‌తో ఖాళీని 0.4 మి.మీ.కు ఆమే అమర్చింది. పాయింట్లు సరిగ్గా ఏ క్షణాన తెరుచుకుంటాయో తెలుసుకోవడానికి వాటి మధ్య పల్చని కాగితం ముక్క పెట్టి పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసైన క్రాంకును చేత్తో తిప్పుతూ, కాగితం జారిన చోట ఆగడం పాత పద్ధతి, దాన్నే నేర్పాను. నిప్పు పడింది కానీ పసుపుపచ్చగా, బలహీనంగా ఉంది, పాయింట్ల దగ్గర మాత్రం పెద్దగా మెరుస్తోంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది పాయింట్ల దగ్గరి మెరుపును అణిచే కండెన్సర్‌నే. దాన్ని మార్చాక ప్లగ్ దగ్గర నీలిరంగు నిప్పు వచ్చింది.

ట్యాంకు లోపల తుప్పు రేకులుగా ఊడుతోంది. నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్లు నింపి ఒక రాత్రి ఉంచి, వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి, లోపల ఆయిల్ పూత పట్టేలా తిప్పింది. ఇథనాల్ 20 శాతం కలిసిన నేటి పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండి కదలకుండా నిలబడితే ఆ నీరు, ఇథనాల్ కలిసి విడిపోయి ట్యాంకు అడుగున చేరి మళ్లీ తుప్పు పట్టిస్తాయి, పాత రబ్బరు గొట్టాలను కూడా మెత్తబరుస్తాయి. అందుకే వారాల తరబడి నడపనప్పుడు కార్బురేటర్‌ను ఖాళీ చేయడం అలవాటు చేసుకోమన్నాను. కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే జెట్‌ను ఇనుప తీగతో పొడవవద్దని గట్టిగా హెచ్చరించాను, ఎందుకంటే ఆ చిన్న రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా పెట్రోలు కొలత తప్పుతుంది.

లీటరు పెట్రోలుకు 40 మి.లీ. టూ స్ట్రోక్ ఆయిల్ కలిపి కిక్ కొడితే బండి స్టార్టయింది. అందరూ చప్పట్లు కొట్టే ఘట్టమే ఇది, కానీ నాకు అసలు పని అక్కడే మొదలైందనిపించింది. వేడెక్కిన తరువాత కూడా దట్టమైన తెల్లని పొగ ఆగలేదు, పైగా యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ తనంతట తానే పరుగెత్తి, చాలాసేపటికి గానీ నెమ్మదించలేదు. చుట్టూ చేరిన వారిలో ఒకరు కార్బురేటర్ మార్చమన్నారు, ఇంకొకరు పిస్టన్ అరిగిందన్నారు. టూ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ తిరిగే గది గాలి చొరబడకుండా మూసి ఉండాలి, దాని రెండు వైపులా క్రాంక్ చుట్టూ ఆయిల్ సీళ్లు ఉంటాయి. ఏళ్ల తరబడి కదలకపోతే వాటి రబ్బరు గట్టిపడి అంచులు పట్టు కోల్పోతాయి. ఎడమవైపు సీలు పోతే గేరు బాక్సు ఆయిల్ లోపలికి లాగబడి పొగవుతుంది. కుడివైపు డైనమో పక్కన ఉన్న సీలు పోతే బయటి గాలి దూరి, పెట్రోలు వాటా తగ్గి, ఇంజన్ వేగం అదుపు తప్పుతుంది. దాన్ని అలాగే నడిపితే చాలినంత ఆయిల్ అందక పిస్టన్ పట్టేస్తుంది.

ఈ సంగతిని నా మాటగా ఆమె నమ్మడం నాకు ఇష్టం లేదు. గేరు బాక్సు ఆయిల్ పూర్తిగా వంపి, కొత్త ఆయిల్ కొలిచి పోసి, కాసేపు నడిపి, మళ్లీ వంపి కొలవమన్నాను. తగ్గుదల స్పష్టంగా కనిపించింది, బయట ఎక్కడా చుక్క కారిన జాడ లేదు. డైనమో కవరు తీసి చూస్తే లోపలంతా నూనె తడి. అప్పుడు ఆమే, "అయితే రెండు సీళ్లూ పోయినట్టే కదా, మాస్టారూ" అంది. ఇంజన్ విప్పడానికి అప్పుడు మాత్రమే ఒప్పుకున్నాను.

విప్పాక కనెక్టింగ్ రాడ్ కింది బేరింగు కూడా వదులైందని తేలింది. దాంతో ఆటోనగర్‌కు వెళ్లాల్సి వచ్చింది. అక్కడి లేత్ పనివారి నైపుణ్యం మీద నాకు ఎనలేని గౌరవం ఉంది, అయితే పని అప్పగించే యజమానికి ఏమి అడగాలో తెలిసి ఉండాలి. కొత్త రాడ్ ఎక్కించి ప్రెస్ చేసిన క్రాంకును రెండు కొనల మధ్య నిలబెట్టి, అది వంకర లేకుండా తిరుగుతోందో లేదో తెలిపే డయల్ గేజ్ పెట్టి, ముల్లు ఎంత కదులుతోందో కళ్లతో చూడమన్నాను. సిలిండరు అసలు కొలత 65 మి.మీ. సిలిండరును లోపల కోసి కాస్త పెద్దది చేసే రీబోర్ చేయించేటప్పుడు పిస్టన్ ముందే కొని వెంట తీసుకెళ్లాలి, ఎందుకంటే పెట్టె మీద రాసిన కొలతను బట్టి కాక చేతిలో ఉన్న పిస్టన్‌ను కొలిచే బోర్ కోయాలి. బోర్ కోశాక పోర్టుల, అంటే సిలిండరు గోడలో గాలి, పొగ వెళ్లే రంధ్రాల అంచులు కత్తుల్లా మిగులుతాయి, వాటిని మొద్దుబరచకపోతే పిస్టన్ రింగులు తగిలి విరుగుతాయి. నాలుగు స్ట్రోకుల బండ్లకు అలవాటుపడిన చేతులు ఈ చిన్న పనిని తరచూ మరిచిపోతాయి. ఆమె అడిగి మరీ చేయించుకుంది. రింగు కొనల మధ్య ఖాళీ పిస్టన్ గాడిలోని చిన్న పిన్ను దగ్గరే రావాలన్న నియమాన్ని కూడా బిగించేటప్పుడు ఆమే గుర్తుపెట్టుకుంది.

బ్రేకు డ్రమ్ములు విప్పినప్పుడు గాలి ఊదవద్దని ఆపాను, ఆనాటి బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది కాబట్టి దుమ్మును తడిగుడ్డతోనే తుడవాలి. టైర్ల మీద గాడులు నిండుగా ఉన్నా, పక్కనున్న నాలుగంకెల తయారీ గుర్తు 2311 అని, అంటే 2011లో 23వ వారమని చెప్పడంతో వాటిని మార్పించాను. కేబుళ్లు, వైరింగు పెద్ద కష్టం లేకుండా గడిచిపోయాయి.

ఇక కాగితాలు. తండ్రి పేరున ఉన్న బండిని వారసురాలి పేరుకు మార్చడానికి ఫారం 31, గడువు తీరిన రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించడానికి ఫారం 25 పెట్టింది. వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుందేమోనని ఆమెకు ఆశ ఉండేది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం దానికి బండి వయసు 50 ఏళ్లు దాటాలి, పైగా ఆ రిజిస్ట్రేషన్ తీసుకున్న బండిని రోజువారీ పనులకు వాడకూడదు. రోజూ నడపాలనుకునే ఆమెకు మామూలు పునరుద్ధరణే మేలు. తనిఖీలో నంబర్లు చూపించాల్సి వచ్చినప్పుడు మొదట తీసుకున్న పెన్సిల్ అచ్చులు పనికివచ్చాయి.

కొత్త పిస్టన్ కుదురుకునే దాకా లీటరుకు 50 మి.లీ. ఆయిల్ కలపాలని, ఒకే వేగాన్ని పట్టుకుని నడపకూడదని, చల్లారిన తరువాత సిలిండరు పైమూత అయిన హెడ్ నట్లను ఎదురెదురుగా మళ్లీ బిగించుకోవాలని చెప్పి పంపాను. పల్లం దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా మూసి దొర్లనివ్వవద్దని కూడా చెప్పాను, ఎందుకంటే ఈ ఇంజన్‌కు ఆయిల్ పెట్రోలుతోనే అందుతుంది. కొన్ని వారాల తరువాత దుగ్గిరాల దాటాక రోడ్డు పక్కనుంచి ఫోన్ చేసి, "మాస్టారూ, వేడెక్కాక మిస్సింగ్ వస్తోంది, పాయింట్ల దగ్గర పెద్దగా మెరుస్తోంది, ప్లగ్ రంగు బాగానే ఉంది, కండెన్సర్ మారుస్తున్నాను" అంది. సంచిలో అదనపు కండెన్సర్ ఉంచుకోమని నేను ఎప్పుడూ చెప్పలేదు. కొత్తదాని వైరు పాయింట్ల కదిలే భాగానికి తగలకుండా చూసుకోమని మాత్రం చెప్పాను. రంగు పని ఇంకా మొదలుపెట్టలేదు, ఫ్రేములో పగుళ్లు వెతకడం ఈ ఎండాకాలంలో చేద్దామనుకున్నాం.