నాన్నకు అప్పుడు ఎన్నేళ్లు?

మా ఆఫీసులో ఏటా చేయించే హెల్త్ చెకప్ రిపోర్టు వచ్చింది. మొత్తం కొలెస్ట్రాల్ 214, చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 138, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 41, రక్తంలో ఉండే ఇంకోరకం కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 175. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.9. చెకప్ చేసిన చోటు నుంచి ఒక డాక్టరు ఫోన్ చేసి, "అంతా బార్డర్‌లోనే ఉంది మేడమ్, వాకింగ్ చేయండి" అని రెండు నిమిషాల్లో పెట్టేశారు. నాకు 43 ఏళ్లు. ఫోన్‌లో ఒక రిస్క్ కాలిక్యులేటర్ కూడా చూశాను. వయసు, బీపీ, కొలెస్ట్రాల్, షుగర్, సిగరెట్ సంగతి అడిగి, పదేళ్లలో గుండెజబ్బు వచ్చే అవకాశం రెండు శాతం లోపే అంది. అయినా మనసు కుదుటపడలేదు. మా నాన్న గుండెపోటుతోనే పోయారు. ఆ సంగతి అది అడగనే లేదు.

బెంగళూరు మారతహళ్లిలో మా వీధి చివర ఉండే ఫిజీషియన్ దగ్గరికి వెళ్లాను. కన్నడ, తెలుగు కలిపి మాట్లాడతారాయన. రిపోర్టు పక్కన పెట్టి, "నాన్నగారికి ఎటాక్ వచ్చినప్పుడు ఎన్నేళ్లు?" అని అడిగారు. అరవై దగ్గర ఉంటాయన్నాను. "కనుక్కుని చెప్పండి. తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 లోపు వచ్చిందంటే మీ లెక్కే మారిపోతుంది" అన్నారు. తర్వాత ఇంకో ప్రశ్న: "కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగిందా?" పెరిగింది. కాన్పయ్యాక తగ్గిపోయింది, నేనూ మరిచిపోయాను. కాగితాలుంటే తెమ్మన్నారు.

బయటికొచ్చి మెట్ల మీదే నిలబడి అమ్మకు ఫోన్ చేశాను.

"అరవై ఎక్కడమ్మా! నువ్వు అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. మీ నాయనకు యాభై రెండు నిండలేదు. ముందురోజు రాత్రి గ్యాస్ అని సోడా తాగి పడుకున్నాడు."

ఫొటోలో నాన్న జుట్టంతా తెల్లగా ఉంటుంది. అది చూసి చూసి ఆయన పెద్దవయసులో పోయారనే అనుకుంటూ వచ్చాను. ఆ వయసుకు నేను ఇంకో ఎనిమిదేళ్ల దూరంలో ఉన్నాను. ఆ రోజంతా ఇంకే పనీ చేయలేకపోయాను.

ఆ ఆదివారమే అనంతపురం వెళ్లాను. అమ్మ బీరువాలో, పట్టుచీరల కింద, 2011 నాటి కాన్పు ఫైలు దొరికింది. కార్బన్ కాపీ మీద అక్షరాలు వెలిసిపోయాయి కానీ అంకెలు కనబడుతున్నాయి. బీపీ 160/100, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ రెండు ప్లస్సులు. అందుకే ఎనిమిదో నెలలోనే ఆపరేషన్ చేసి పాపను తీశారు. దీన్ని ప్రీఎక్లాంప్సియా అంటారని, ఫిట్స్ దాకా పోతే మనవాళ్లు గుర్రపువాతం అనేది అదేనని డాక్టరు చెప్పారు. ఇది వచ్చిన ఆడవాళ్లకు తర్వాత గుండెజబ్బు వచ్చే ముప్పు దాదాపు రెట్టింపట. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. డిశ్చార్జ్ రోజున ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే ఏటా బీపీ చూపించుకునేదాన్ని కదా!

ఇంకా ఉన్నాయి. రిపోర్టులో హెచ్‌డీఎల్ పక్కన 40–60 అని అచ్చయి ఉంది కాబట్టి నా 41కి ఏ గుర్తూ పడలేదు. ఆడవాళ్లకైతే 50 కంటే తక్కువ ఉంటే తక్కువే. నడుము కొలిచారు. చీర దోపుకునే చోట కాదు, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ సరిగ్గా మధ్యలో, ఊపిరి వదిలాక. 91 సెంటీమీటర్లు. మన ఆడవాళ్లకు 80 దాటకూడదు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మన దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు మిగతావాళ్ల కంటే దాదాపు ఆరేళ్లు ముందే వచ్చిందని, అమెరికా లెక్కలతో చేసిన కాలిక్యులేటర్‌ని నమ్ముకుని కూర్చోవద్దని కూడా చెప్పారు.

వారం రోజులు ఇంట్లో బీపీ రాసి తెమ్మన్నారు. మొదటిరోజు సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి వచ్చి, బ్యాగు దించగానే చూసుకుంటే పైది 152. అలా కాదట. కుర్చీకి వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి, ఐదు నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తున ఉండాలి. డైనింగ్ టేబుల్ మీద రెండు దుప్పట్లు మడతపెట్టి చెయ్యి పెట్టుకునేదాన్ని. పాప గడియారం చూసి "ఇప్పుడు నొక్కమ్మా" అనేది. మొదటిరోజువి వదిలేసి తీసిన సగటు 137/87. ఇంట్లో చూసుకుంటే హద్దు 135/85.

చివరగా రాసిన పరీక్ష లైపోప్రొటీన్ లిటిల్-ఎ. నేను చేయించిన ప్యాకేజీలో ఇది లేదు. తల్లిదండ్రుల నుంచి వచ్చే కొలెస్ట్రాల్ రకం ఇది, మామూలుగా జీవితంలో ఒకసారి చూసుకుంటే చాలు. 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ, నాది 68. తిండితోనో నడకతోనో ఇది పెద్దగా తగ్గదు. దీన్ని మార్చలేం కాబట్టి మార్చగలిగినవన్నీ బాగా కిందికి దించాలి అన్నారు డాక్టరు. రాత్రిపూట కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఒకటి మొదలుపెట్టారు. నేను అన్నం సగానికి, ఊరగాయ ఆదివారానికి తగ్గించాను. మూడు నెలలకు ఎల్‌డీఎల్ 82కి వచ్చింది, బీపీ 126/80కి. నడుము మాత్రం రెండు సెంటీమీటర్లే తగ్గింది.

ఆ లిటిల్-ఎ నాకు ఎక్కువ ఉందంటే తమ్ముడికీ ఉండొచ్చు. వాడికి 39. "నాకేమైందక్కా, బాగానే ఉన్నాను కదా" అని నెలరోజులు తప్పించుకున్నాడు. నాన్న వయసు చెప్పాక ఇంక మాట్లాడలేదు. వాడికీ నాలాగే అరవై అనే తెలుసు. నిన్న పొద్దున అనంతపురంలో రక్తం ఇచ్చాడు. శనివారం రిపోర్టు వస్తుంది.