కొత్త సైకిల్ రోడ్డెక్కే ముందు ఓ అరగంట

"కొత్త సైకిలే కదా, దానికేమవుతుంది" అనే మాట వింటే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. పాత సైకిల్లో ఏది వదులైందో, ఏ బ్రేకు ఎంత గట్టిగా నొక్కాలో తొక్కేవాళ్లకు తెలిసిపోయి ఉంటుంది. కొత్తదాంట్లో ఒక్క నట్టు కూడా ఇంకా రోడ్డు మీద పరీక్షకు నిలవలేదు. పైగా ఆ నట్లలో ముఖ్యమైనవి బిగించింది ఫ్యాక్టరీ వాళ్లు కారు. సైకిల్ అట్టపెట్టెలో సగం విప్పదీసి వస్తుంది. ముందు చక్రం, హ్యాండిల్, పెడల్స్, సీటు, ఒక్కోసారి ముందు బ్రేకు కూడా షాపులోనే బిగిస్తారు, ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఇంట్లో మనమే బిగించుకుంటాం. అంటే పట్టు తప్పితే మనిషి కింద పడే భాగాలన్నీ చివరి చేతిలోనే ఉన్నాయన్నమాట.

జూన్‌లో బడులు తెరిచేటప్పుడు హన్మకొండ చౌరస్తా వైపు వెళ్లి చూడండి. షాపు ముందు పిల్లలు, తల్లిదండ్రులు నిలబడి "జల్ది కానియ్యన్నా" అంటుంటారు, లోపల ఒక్క మనిషి ఒకదాని వెనక ఒకటి బిగిస్తూనే ఉంటాడు. అంత తొందరలో ఒక బోల్టు అర చుట్టు తక్కువ తిరిగితే అతనికి కూడా తెలియదు. అతన్ని తిట్టి లాభం లేదు, చూసుకోవాల్సింది మనం.

మా అక్క కూతురు ఎనిమిదో తరగతి. దానికోసం ఆన్‌లైన్‌లో గేర్ల సైకిల్ తెప్పించారు, మా బావ పెట్టెలో వచ్చిన చిన్న పానాతో ఇంట్లోనే బిగించాడు. అది గల్లీలో రెండు చుట్లు కొట్టొచ్చి "చిన్నమ్మా, మలిపేటప్పుడు కాలు టైరుకు తగుల్తున్నది" అన్నది. చూడగానే తెలిసిపోయింది, ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకుని ఉండే కాడ, వెనక్కి తిరిగి ఉంది. ఇది చాలా ఇళ్లలో జరిగేదే. పెట్టెలో పట్టడానికి ఫోర్కును తిప్పి పెడతారు, తీసినవాళ్లు దాన్ని అలాగే ఉంచి హ్యాండిల్ మాత్రం ముందుకు చేసి బిగించేస్తారు. మామూలు రబ్బరు బ్రేకుల సైకిల్ అయితే ముందు బ్రేకు చేతులు ఫ్రేము వైపు కాకుండా ఎదురుగా ముందు వైపు చూస్తున్నాయా అని చూడండి. డిస్క్ బ్రేకు ఉంటే ఆ డిస్కు తొక్కేవాళ్ల ఎడమ చేతి వైపు ఉండాలి, కుడి వైపుకు వచ్చిందంటే ఫోర్కు తిరగబడినట్టే. ఫోర్కు కింది భాగం కొద్దిగా ముందుకు వంగి ఉంటుంది, అది వెనక్కి తిరిగితే చక్రం పాదాల దగ్గరికి వచ్చేస్తుంది, మలుపులో బూటు ముందుభాగం టైరుకు తగిలి పిల్లలు పడిపోతారు. సరిచేయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. హ్యాండిల్ వదులు చేయాలి, ఫోర్కు తిప్పాలి, మళ్లీ బిగించాలి, అంతే. కానీ ఎవరో ఒకరు చూడాలి కదా.

ఇక బ్రేకులు. నేను ఎక్కువసేపు చూసేది వీటినే. రెండు లివర్లూ ఒకటి తర్వాత ఒకటి మీ పూర్తి బలంతో, ఓ ఐదారు సార్లు నొక్కండి. పిల్లల సైకిల్ అయినా సరే, పెద్దవాళ్ల బలంతోనే నొక్కాలి. బ్రేకు తీగను ఒక చిన్న బోల్టు పట్టి ఉంచుతుంది, అది సరిగ్గా బిగించకపోతే గట్టిగా నొక్కినప్పుడు తీగ జారిపోతుంది. జారేదేదో ఇంటి ముందే జారనివ్వండి, ఫాతిమానగర్ బ్రిడ్జి దిగుతున్నప్పుడు మాత్రం జారకూడదు. ఎంత నొక్కినా లివర్ వెళ్లి హ్యాండిల్ రబ్బరుకు ఆనకూడదు. ఆనిందంటే తీగ వదులుగా ఉన్నట్టు.

తర్వాత వంగి బ్రేకు రబ్బర్లను దగ్గరగా చూడండి. లివర్ మెల్లగా నొక్కుతుంటే రెండు రబ్బర్లూ ఒకేసారి వచ్చి రిమ్ముకు నిండుగా ఆనాలి. పై అంచు టైరుకు తగులుతుంటే, రోజూ అక్కడే రాసుకుని టైరు పక్కభాగం కోసుకుపోతుంది, ఒకరోజు ట్యూబు బయటికి వచ్చి పేలుతుంది. కింది అంచు రిమ్ము దాటి ఉంటే అది స్పోకుల్లోకి జారే ప్రమాదం ఉంది. రబ్బరు స్థానం మార్చడానికి ఒక్క బోల్టు వదులు చేస్తే చాలు. కొత్త రిమ్ము మీద నూనె జిడ్డు ఉంటుంది, పొడి గుడ్డతో రెండు వైపులా గట్టిగా తుడవండి. చైనుకు నూనె వేసేటప్పుడు ఆ చేత్తో రిమ్మునీ డిస్కునీ ముట్టుకోవద్దు. ముఖ్యంగా డిస్కు బ్రేకు ప్యాడ్లకు నూనె అంటిందంటే చాలాసార్లు వాటిని మార్చేయడమే గతి. డిస్కు బ్రేకు కొత్తలో సరిగ్గా పట్టదు కూడా, అది లోపం అనుకోకండి. ఖాళీ చోట కాస్త వేగం అందుకుని, నెమ్మదిగా నొక్కి దాదాపు ఆగేదాకా తెచ్చి మళ్లీ వదిలేయాలి. ఇలా ముందు బ్రేకుకీ వెనక బ్రేకుకీ విడివిడిగా ఇరవై సార్ల దాకా చేస్తే ప్యాడ్ పొర డిస్కు మీద కూర్చుని పట్టు వస్తుంది. ఇది చేయకుండానే పిల్లల్ని ట్రాఫిక్‌లోకి పంపిస్తారు, నాకు అదే బాధ.

పిల్లల విషయంలో ఇంకొకటి, దీన్ని షాపులో దాదాపు ఎవరూ చూడరు. లివర్‌ను వేళ్లు అందుకుంటున్నాయా? మా పిల్ల చేతులు చిన్నవి, హ్యాండిల్ పట్టుకుని వేళ్లు చాపితే లివర్‌కు కొసలు మాత్రమే తగిలాయి. ఆ కొసలతో నొక్కితే బలం ఎక్కడొస్తుంది? చాలా లివర్లకు లోపలి వైపు ఒక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే లివర్ హ్యాండిల్‌కు దగ్గరవుతుంది. వేలి మొదటి గీత దాటి లివర్ మీద పడేలా తిప్పాను. తర్వాత తీగను మళ్లీ సర్దాలి, లేకపోతే లివర్ హ్యాండిల్‌కు ఆనేస్తుంది. "ఇప్పుడు పట్టుకో" అంటే నొక్కి చూసి, మళ్లీ నొక్కి, "ఇంతకుముందు నేను ఆపనేలేదా మరి" అని అడిగింది. ఆపలేదు బిడ్డా, కాళ్లతో ఆపావు. పెరుగుతారు కదా అని రెండు సైజులు పెద్ద సైకిల్ కొనేవాళ్లు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి. నేల మీద రెండు పాదాలు ఆనించి నిలబడినప్పుడు ఫ్రేము మధ్య రాడ్డుకీ శరీరానికీ మధ్య కనీసం ఒకటి రెండు అంగుళాలు ఖాళీ ఉండాలి. లేకపోతే ఆ పిల్ల భయంతోనే తొక్కుతుంది.

ఏ లివర్ ఏ చక్రానిదో కూడా పిల్లలకు చెప్పండి. మన దగ్గర ఎక్కువగా కుడి చేతిది ముందు బ్రేకు, బైకుల మాదిరిగానే, అయినా నొక్కి చూసుకోవడమే నయం. ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేకులోనే ఉంటుంది, ఎందుకంటే ఆగుతున్నప్పుడు బరువంతా ముందుకు వస్తుంది. అందుకే దాన్నొక్కదాన్నే ఒక్కసారిగా పట్టేస్తే వెనక చక్రం లేస్తుంది. రెండూ కలిపి నొక్కడం అలవాటు చేయాలి.

హ్యాండిల్ పరీక్ష చాలా తేలిక. సైకిల్‌కు ఎదురుగా నిలబడి ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి పట్టుకోండి, హ్యాండిల్‌ను రెండు వైపులా బలంగా తిప్పండి. చక్రం కదలకుండా హ్యాండిల్ ఒక్కటే తిరిగితే బోల్టు బిగలేదు. తర్వాత ముందు బ్రేకు నొక్కి పట్టుకుని సైకిల్‌ను ముందుకీ వెనక్కీ ఊపండి, హ్యాండిల్ కింద కప్పుల దగ్గర టక్ టక్ మని ఆడితే అక్కడ సందు ఉంది. ఈ రెండోది మెకానిక్ పని, మీరు చేయొద్దు. హ్యాండిల్ కాడ మీదా, సీటు కాడ మీదా ఒక గీత ఉంటుంది, ఇంగ్లీషులో మినిమమ్ అనో మాక్స్ అనో రాసి ఉంటుంది. కాడను పైకి లాగినప్పుడు ఆ గీత బయటికి కనిపించకూడదు. కనిపిస్తే లోపల పట్టు చాలదు, గుంతలో పడ్డప్పుడు కాడ విరగొచ్చు, ఫ్రేము కూడా పగలొచ్చు.

పెడల్స్ దగ్గర చాలామంది పొరపాటు పడతారు. ఎడమ పెడల్‌కు మర ఉల్టా ఉంటుంది. పెడల్ ఇరుసు చివర ఎల్, ఆర్ అని చెక్కి ఉంటుంది, అది చూసే పెట్టాలి. పానాతో బిగించేటప్పుడు రెండు పెడల్స్‌నీ ముందు చక్రం వైపుకే తిప్పాలని గుర్తుంచుకుంటే సరిపోతుంది. మొదట వేళ్లతోనే ఎక్కించండి, నాలుగైదు చుట్లు సాఫీగా ఎక్కాలి. మొదటి చుట్టులోనే మొరాయిస్తే పానా వాడి బలవంతంగా తిప్పవద్దు, మర పాడైతే క్రాంకు, అంటే పెడల్ బిగించే కడ్డీ, మొత్తం మార్చాల్సి వస్తుంది.

చక్రాలకు నట్లుంటే రెండు వైపులా పానా వేసి చూడండి. నట్లకు బదులు మలిచే లివర్ (క్విక్ రిలీజ్) ఉంటే అది వేరే సంగతి. దాన్ని నట్టులాగా గిరగిరా తిప్పి బిగించేవాళ్లను చాలామందిని చూశాను, అలా చేస్తే అది బిగిసినట్టు కాదు. ఎదురు వైపు చిన్న నట్టుతో సర్ది, లివర్‌ను ఒక్క మలుపులో మూయాలి. మూసేటప్పుడు అరచేతిలో అచ్చు పడేంత బలం పట్టాలి. తర్వాత చక్రం లేపి తిప్పి చూడండి, బ్రేకు రబ్బర్ల మధ్య అటూ ఇటూ ఊగుతుంటే బెండు తీయించాలి. గేర్లున్న సైకిలైతే వెనక చక్రం లేపి పెడల్ తిప్పుతూ గేర్లన్నీ మార్చండి. చైను అన్నిటికన్నా పెద్ద పళ్ల చక్రం మీదికి ఎక్కి అక్కడే ఆగాలి, దాన్ని దాటి స్పోకుల్లో పడితే నడుస్తున్న చక్రం ఒక్కసారిగా పట్టేస్తుంది.

గాలి గురించి ఒక్కమాట. టైరు పక్కనే ఎంత గాలో అచ్చు వేసి ఉంటుంది, 26 అంగుళాల లావు టైర్ల మీద మామూలుగా 40 నుంచి 65 పీఎస్ఐ అని కనిపిస్తుంది. పంచర్ షాపులో బైకులకు కొట్టే మిషన్‌తో సైకిల్‌కు కొట్టిస్తే జాగ్రత్త, సైకిల్ ట్యూబులో పట్టే గాలి చాలా తక్కువ, రెండు మూడు సెకన్లలో హద్దు దాటుతుంది. చేతిపంపే మేలు.

బెల్లు మోగాలి, వెనక ఎర్రది, ముందు తెల్లది, చక్రాలకూ పెడల్స్‌కూ పసుపు రిఫ్లెక్టర్లు ఉండాలి. వీటి నాణ్యతకు కేంద్రం 2020లో ప్రత్యేకంగా ఉత్తర్వు ఇచ్చింది, అందుకని షాపువాళ్లు పెట్టెలోనే వదిలేస్తే అడిగి పెట్టించుకోండి. స్టాండు పైకి లేపితే అక్కడే నిలవాలి, వేలాడుతుంటే ఎడమ మలుపులో నేలకు తగులుతుంది. ముందు మడ్‌గార్డు కడ్డీల నట్లు చేత్తో కదిపి చూడండి, అవి ఊడి చక్రంలో పడితే మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరి పడతాడు.

ఆడపిల్లలైతే చున్నీ. చైనుకు పూర్తి కవరు, వెనక చక్రానికి జాలీ గార్డు, ఈ రెండూ ఉన్న సైకిలైతే మేలు. గేర్ల సైకిళ్లకు మామూలుగా ఇవి రావు, అందుకని మా పిల్లకు చున్నీ రెండు కొసలూ వెనక్కి తెచ్చి నడుముకు ముడి వేయడం నేర్పాను. బడి సంచి హ్యాండిల్‌కు వేలాడదీయొద్దని కూడా.

అన్నీ అయ్యాక చివరి పరీక్ష ఒకటుంది, మట్టెవాడలో మా నాన్న సైకిల్ బాగు చేసిన కాక దగ్గర చిన్నప్పుడు చూసింది. సైకిల్‌ను జానెడు ఎత్తు లేపి రెండు చక్రాల మీద నేలకు వదిలేవాడు, తల పక్కకు తిప్పి వినేవాడు. టైర్ల చప్పుడు తప్ప ఇంకేది గలగలమన్నా దాన్ని వెతికి పట్టుకున్నాకే చేతికిచ్చేవాడు. ఇప్పటికీ నేనదే చేస్తాను.

నగరాల్లో సైకిల్ వాడకం పెంచడానికి కేంద్రం పెట్టిన ఇండియా సైకిల్స్ ఫర్ ఛేంజ్ పోటీలో 2021లో దేశం మొత్తం మీద ఎంపికైన 11 నగరాల్లో మన వరంగల్ ఒకటి. ఊళ్లో సైకిల్ గురించి మాట్లాడేవాళ్లు పెరిగినందుకు నాకు సంతోషం. కానీ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి ట్రాక్టర్లు బారులు తీరే రోజుల్లో, గ్రానైట్ లారీలు పోయే దారుల్లో, పిల్లలు ఇంకా ఆ బండ్ల పక్కనుంచే బడికి పోతున్నారు. వాళ్లకు ఆగడానికి దొరికేది చాలా తక్కువ చోటు. అందుకే మొదటి రోజు కొత్త సైకిల్‌ను ములుగు రోడ్డు మీదికి తీసుకెళ్లకండి. మీ గల్లీలోనో, బండ్లు రాని ఖాళీ జాగాలోనో మెల్లగా తొక్కి, ఆగి, మలిపి, మళ్లీ ఆగి చూడనివ్వండి. హెల్మెట్ కనుబొమల మీద రెండు వేళ్ల ఎత్తులో కూర్చోవాలి, పట్టీ పెట్టాల్సిందే.

నెలలోపు ఇదంతా ఇంకోసారి చేయాలి. కొత్త బ్రేకు తీగలు, వాటి తొడుగులు వాడగా వాడగా సర్దుకుని వదులవుతాయి, స్పోకులు కూడా అంతే. మా పిల్ల బ్రేకు వదులైంది కూడా ఆ నెలలోనే, లివర్ మొదట్లో ఉండే చిన్న గుండ్రటి మరను తనే విప్పుకుంటూ తీగ బిగించుకుంది. రెండోసారి చూసినప్పుడు క్రాంకు బోల్టు మరిచిపోవద్దు. తొక్కుతుంటే ఒక కాలి వైపు మాత్రమే కిర్రుమంటుంటే, లేదా పెడల్ పట్టుకుని అటూ ఇటూ ఊపితే క్రాంకు కదులుతుంటే, ఇంటిదాకా కూడా తొక్కవద్దు, నడిపించుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. వదులుగా ఉన్న క్రాంకును తొక్కితే దాని చతురస్రపు రంధ్రం అరిగి గుండ్రమైపోతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు.