ఓనరుకి కనబడని వైరస్

ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మే ఒకాయన ఫోన్ చేసి, "మా సైట్ బాగానే ఉందండి, కస్టమర్లే ఏదో వస్తోందంటున్నారు" అన్నారు. నిజమే, అడ్రస్ టైప్ చేసి వెళ్తే బెల్లం పూతరేకులే కనిపిస్తాయి. అదే మొబైల్లో గూగుల్ నుంచి వెళ్తే మాత్రం "మీ బ్రౌజర్ పాతబడింది, అప్‌డేట్ చేయండి" అంటూ ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ ఫోన్లో యాప్ ఎక్కించే ఫైల్) దిగుతోంది. వచ్చినవాళ్లెవరో చూసి మరీ వడ్డించే స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రామ్) అది!

ఎప్పుడూ అప్‌డేట్ చేయని ఓ ప్లగిన్‌లోంచి (సైట్‌కి అదనపు సౌకర్యాల కోసం తగిలించే ప్రోగ్రామ్) హ్యాకర్లు దూరి, పేజీల పైభాగాన్ని తయారుచేసే హెడర్ ఫైల్ చివర ఒక పొడవాటి లైన్ అతికించారు. తీసేస్తే తెల్లారేసరికి మళ్లీ వచ్చింది. వెతగ్గా వెతగ్గా, ఫొటోలుండే అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఓ పీహెచ్‌పీ ఫైల్ (సర్వర్ మీద నడిచే ప్రోగ్రామ్) నక్కి ఉంది. ఫొటోల మధ్య దానికేం పని? అదే దొంగతలుపు. దాన్ని పీకేసి, ప్లగిన్ తీసేసి, పాస్‌వర్డులన్నీ మార్పించాను.

"ఇంత చిన్న కొట్టు మీద ఎవరికండీ పగ?" అన్నారాయన. పగేం లేదండీ, ఆ ప్లగిన్ ఉన్న సైట్లన్నిటినీ బాట్లు (వాటంతటవే పనిచేసే ప్రోగ్రాములు) వరసపెట్టి తడుముతాయంతే.