హంపీకి ఏ పుస్తకం?

హంపీ యాత్రకు పుస్తకం ఎంచుకునేటప్పుడు నేను మొదట వెతికింది మా నెల్లూరు జిల్లా ఉదయగిరి ప్రస్తావన కోసమే. 1514లో ఆ కోటను గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు అక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని హంపీకి తరలించి, దానికోసం కృష్ణాలయం కట్టించాడని, ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉందని చెప్పని పుస్తకం, ఖాళీ గర్భగుడి ముందు నిలబడిన మనకు ఏం వివరించగలదు? రంగుల ఫొటోలు, హోటళ్ల జాబితాలు నాకు అక్కర్లేదు, అవి ఫోనులోనే దొరుకుతాయి. ఆలయాల నేలపటాలు, శాసనాల సారాంశం, బజారు వీధుల మ్యాపు ఉన్న సన్నని పుస్తకాన్నే తీసుకున్నాను. అమ్మ కూడా చదువుకునేలా అది తెలుగులో ఉండటం నాకు మరింత సంతోషాన్నిచ్చింది.